ఉప్పు తగినంత

కథల్ని విమర్శించేవాళ్ళున్నారు. కవితల్ని విమర్శించేవాళ్ళు కవులకన్నా ఎక్కువమందే ఉన్నారు. ఇక సినిమాల మాట చెప్పక్కర్లేదు, విశ్రాంతి పడకముందే తీర్పు చెప్పి లేచిపోయేవాళ్ళకి కొదవ లేదు. కానీ ఏళ్ళ తరబడి వారం వారం అచ్చవుతూ, ఇంటిల్లిపాదీ చదువుతూ, కత్తిరించి మరీ దాచుకునే రచన ఒకటుంది. దాన్ని విమర్శించిన పాపాన ఎవరూ పోలేదు. అదే వంటల శీర్షిక. పత్రిక రాగానే ముందు అదే తిరగేస్తామని ఒప్పుకోవడానికి మొహమాటం కావచ్చు. లేదా, చేసి చూడందే నోరెత్తడానికి వీల్లేదన్న భయం కావచ్చు.

ఆ లోటు కాస్త పూడ్చుదామని ఈ సాహసం. వంటల సాహిత్యం మొత్తం మీద పడే శక్తి నాకు లేదు గనక పొడుల వరకే పరిమితమవుతాను. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి, ధనియాల కారం. వేయించడం, ఉప్పు వెయ్యడం, దంచడం, అంతే కథ. మూడు ముక్కల్లో తేలిపోయే కథ కనకనే రాసేవాళ్ళ పనితనమంతా అక్కడే బయటపడిపోతుంది. కోటంత నవల్లో ఒక తప్పు వాక్యం దాక్కోగలదు గానీ, కందిపొడిలో మాడిన జీలకర్ర దాక్కోలేదు.

నన్ను విమర్శకురాల్ని చేసింది మా అమ్మాయి. అది డాలస్‌లో ఉంటుంది. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ, అటు వెళ్ళేవాళ్ళెవరు దొరికినా వాళ్ళ పెట్టెలో ఓ మూల మనవరాలికి కందిపొడి సీసా సర్దేది. మా అమ్మ పోయాక సీసాలు ఆగిపోయాయి. ఆఖరి సీసాలో పావు వంతు పొడి మిగిలితే, మా అమ్మాయి దాన్ని ఫ్రీజర్లో దాచుకుంది. తినడానికి కాదుట, అప్పుడప్పుడు మూత తీసి వాసన చూడ్డానికట. ఓ రోజు ఫోన్ చేసి, "అమ్మా, అమ్మమ్మ కందిపొడి ఎలా చేసేదే?" అంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు తెలీదు. ఒక సీసా ఖాళీ అయ్యేలోగా ఇంకో సీసా వచ్చే ఇంట్లో పొడి కొట్టే అవసరం ఎవరికి పడుతుంది? "ఉండు, పంపిస్తా" అని గంభీరంగా అనేసి, పాతికేళ్ళుగా కత్తిరించి దాచుకున్న కాగితాల కట్ట విప్పాను. అందులో కందిపొడి దొరికింది. ఫొటో తీసి పంపించి, తల్లిగా నా బాధ్యత తీరిందని హాయిగా నిద్రపోయాను.

మొదటిసారి పొడి పచ్చివాసన వచ్చిందట. రెండోసారి మాడింది. అంతటితో ఆగలేదు, మిరపకాయల ఘాటుకీ పొగకీ వాళ్ళ అపార్ట్‌మెంట్లో పొగ గంట మోగడం మొదలెట్టింది. అల్లుడు కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతుంటే, మా అమ్మాయి దగ్గుతూనే నాకు ఫోన్ చేసింది. "నువ్వు పంపిన కాగితంలో ఉన్నట్టే చేశానమ్మా!" అంది ఏడుపు గొంతుతో.

అప్పుడు గానీ నేను ఆ కాగితాన్ని సరిగ్గా చదవలేదు. దాచుకోవడం వేరు, చదవడం వేరు అని విమర్శకులకి కొత్తగా చెప్పక్కర్లేదనుకోండి.

ఆ రచన ఇలా సాగుతుంది. పదార్థాల పట్టీలో కందిపప్పు 200 గ్రాములు, శనగపప్పు 50 గ్రాములు, ఎండుమిరపకాయలు 12, జీలకర్ర ఒక చెంచా, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు తగినంత. ఆ తర్వాత విధానం: పై పదార్థాలను సన్నసెగపై 5 నిమిషాలు దోరగా వేయించి, ఉప్పు చేర్చి పొడి చేసుకోవాలి, వేడి అన్నంలో నేతితో తింటే ఎంతో రుచిగా ఉంటుంది.

మొదటి దోషం బహువచనంలో ఉంది. "పై పదార్థాలను" అన్నారు కదా, ఆ "లను"లోనే హత్య జరిగిపోయింది. కందిపప్పు నిదానం మనిషి. గింజ లోపలిదాకా వేడి చేరడానికి దానికి చాలాసేపు పడుతుంది. జీలకర్ర అలా కాదు, మూకుట్లో పడీ పడగానే వేగిపోతుంది. ఇద్దర్నీ ఒకేసారి వేస్తే కందిపప్పు కళ్ళు తెరిచేలోగా జీలకర్ర బూడిదవుతుంది. దేనికదే విడివిడిగా వేయించాలి. మిరపకాయలకి నాలుగు చుక్కల నూనె చూపించాలి. జీలకర్ర అన్నిటికన్నా చివర, పొయ్యి ఆర్పేశాక ఆ మూకుడు వేడికే వేగాలి. వెల్లుల్లికైతే మూకుడే అక్కర్లేదు, దంచడం అయ్యాక పచ్చిదే ఓ తిప్పు తిప్పితే చాలు. ఏకవచనంలో రాయవలసిన కథని బహువచనంలో రాశారన్నమాట.

రెండో దోషం "మిరపకాయలు 12". ఏ మిరపకాయలు? గుంటూరు సన్నాలు పన్నెండు వేస్తే ఒక సంగతి, బ్యాడిగివి పన్నెండు వేస్తే ఇంకో సంగతి. ఒకటి కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది, రెండోది పొడికి రంగు తెచ్చి ఊరుకుంటుంది. అంకె వేశాం గనక కచ్చితంగా చెప్పేశాం అనుకోవడం రచయితలకి ఉన్న పాత జబ్బే.

మూడోది ఆ ముగింపు. "ఎంతో రుచిగా ఉంటుంది" అని రాసినవాళ్ళే చెప్పుకుంటే ఎలా? నా కథ ఎంతో బాగుంటుందని ఏ రచయితైనా కథ చివర రాసుకుంటాడా? రాసుకున్నా సంపాదకులు కొట్టేస్తారు. వంటల శీర్షికకి మాత్రం ఆ మినహాయింపు ఎందుకో తెలీదు.

అసలు దోషం ఇంకోటుంది. దాన్ని పట్టుకోవడానికి మా అమ్మ నోటుపుస్తకం వెతికి తియ్యాల్సొచ్చింది. చాకలిపద్దు, పాలలెక్క, వ్రతాల తేదీల మధ్య కందిపొడి కనిపించింది. అంతా కలిపి ఇంతే: "కందిపప్పు సోల. శనగపప్పు గిద్ద. మినప్పప్పు అందులో సగం. మిరపకాయలు ఘాటు చూసుకుని పది పన్నెండు. జీలకర్ర, ఇంగువ. దోర పడగానే దింపాలి. ఉప్పు తగినంత."

చదవగానే నాకు నీరసం వచ్చింది. అచ్చు కాగితమే నయం, 5 నిమిషాలనైనా చెప్పింది. పైగా ఈ సోలలూ గిద్దలూ ఒకటి! మెట్రిక్ తూనికలూ కొలతలకి 1956లోనే చట్టం వచ్చింది. మా అమ్మ వంటింట్లోకి అది ఎప్పటికీ రాలేదు. డాలస్‌లో సోల ఎక్కడ దొరుకుతుంది?

కానీ రెండోసారి చదివితే సంగతి బోధపడింది. నాలుగు గిద్దలు ఒక సోల. అంటే కందిపప్పు నాలుగు పాళ్ళయితే శనగపప్పు ఒక పాలు, మినప్పప్పు అరపాలు. సోల లేకపోతే కాఫీ కప్పు పెట్టుకో, అదీ లేకపోతే కొబ్బరిచిప్ప పెట్టుకో, పాళ్ళు మారవు. గ్రాములు త్రాసున్నవాళ్ళకే పనికొస్తాయి, పాళ్ళు గిన్నె ఉన్న ప్రతివాళ్ళకీ పనికొస్తాయి. పాతకాలపు కొలత అని నేను ఈసడించింది నిజానికి ఏ దేశంలోనైనా చెల్లే కొలత.

"ఘాటు చూసుకుని" అన్న మాటా అంతే. పన్నెండు అని శాసించకుండా, ఒక కాయ తుంచి వాసన చూడమని చెబుతోంది.

ఇక క్రియాపదం చూడండి. అచ్చు కాగితంలో క్రియ "వేయించి". మా అమ్మ రాసిన క్రియ "దింపాలి". వేయించడం గురించి ఆవిడ ఒక్క ముక్క రాయలేదు, ఎప్పుడు ఆపాలో రాసింది. తేడా అంతా ఇక్కడే ఉంది. పప్పు వేయించడం ఎవరికి రాదు? దింపడమే రాదు.

"దోర" అన్న మాట అచ్చు కాగితంలోనూ ఉంది, కాదనను. కానీ అక్కడ అది అరిగిపోయిన విశేషణం. "దట్టమైన అడవి", "చల్లని వెన్నెల" లాగా చెయ్యి దానంతట అదే రాసుకుపోయింది. మా అమ్మ పుస్తకంలో చదివాక గానీ నాకు దోర జామకాయ గుర్తు రాలేదు. పచ్చిదనం పోయి, పండుతనం ఇంకా పూర్తిగా రాని స్థితి కదూ దోర! దోరకాయని కోసి తెచ్చి ఇంట్లో పెడితే ఏమవుతుంది? చెట్టు వదిలినా పండడం మానదు. పప్పూ అంతే. పొయ్యి ఆర్పినా మూకుట్లో వేడి ఉంటుంది, గింజ లోపల వేడి ఉంటుంది, వేగడం మానదు. అందుకే పండాక కాదు, దోర పడగానే దింపాలి. వెంటనే పళ్ళెంలోకి ఒంపి పరచాలి. ఒక్క మాటలో అంత ఇమిడి ఉంది. ఆ మాట పక్కన "5 నిమిషాలు" అని చేర్చడం, జామకాయ పక్కన గడియారం వేలాడదీయడం లాంటిది.

మా అమ్మాయి పొడి ఎందుకు మాడిందో అప్పుడు తెలిసింది. దానిది కరెంటు పొయ్యి. మీట తిప్పి ఆర్పేసినా ఆ చుట్ట చాలాసేపు వేడిగానే ఉంటుంది. మొదటిసారి అయిదు నిమిషాలకి ఆ పొయ్యి సరిగా వేడెక్కనే లేదు, పప్పు పచ్చిగా ఉండిపోయింది. రెండోసారి పది నిమిషాలు వేయించి, ఆర్పేసి, మూకుడు అక్కడే వదిలేసి మిరపకాయల తొడిమలు తీస్తూ కూచుంది. పప్పు తన పని తాను చేసుకుపోయింది.

అచ్చు కాగితం ఏం రాసి ఉండాల్సింది మరి? చెవికీ ముక్కుకీ రాయాల్సింది. పచ్చి కందిపప్పుని గరిటెతో కదిపితే మొద్దుగా శబ్దం వస్తుంది. తేమ పోయేకొద్దీ గింజ తేలికపడి గలగలమంటుంది. పచ్చివాసన పోయి కమ్మటి వాసన మొదలవుతుంది. పసుపు రంగు ఎరుపు తిరగడానికి తయారవుతుంది. ఒక గింజ కొరికితే కరకరలాడుతుంది, పంటికి అంటుకోదు. అదీ దోర. నువ్వులైతే చిటపటమంటూ గెంతడం మొదలెడతాయి. ధనియాలు గదంతా తెలిసేలా చెబుతాయి. తెలుగులో దీనికి మాటలు లేవా? చిటపట, గలగల, కరకర, కమ్మన, కమురు, మాడు, బరక, మెత్తన... ఇంత నిఘంటువు పెట్టుకుని, "5 నిమిషాలు" అని తప్పించుకోవడం భాషకి చేసిన అన్యాయం.

ఇది అత్యాశ అంటారేమో. తిండి గురించి ముక్కుకీ చెవికీ రాసినవాళ్ళు మనకి లేకపోలేదు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్నేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం వడ్డించేవాడో చెప్పాడు. చలికాలపు వడ్డనలో మిరియాల పొడి ఉంది. ఆ పొడితో కలిసి కూర చుర్రుమంటుంది, ఆవ పెట్టిన పచ్చడి ముక్కుకెక్కుతుంది. గ్రాముల్లేవు, నిమిషాల్లేవు. చదువుతుంటే మాత్రం చలి తెలుస్తుంది, ఆకలీ తెలుస్తుంది. మిరపకాయ అప్పటికింకా ఆ కావ్యంలోకి రాలేదు. అది అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వాళ్ళ ఓడలెక్కి మన వైపు వచ్చిన పంట. వాళ్ళు ఇటు దిగిందే 1498లో. ఆ ఖండం నుంచి వచ్చిన కాయని మనవాళ్ళు సొంతం చేసుకుని, దాంతో పొడి కొట్టి, మళ్ళీ ఆ ఖండానికే పెట్టెల్లో మోస్తున్నారు. మధ్యలో మా అమ్మ కూడా ఓ చెయ్యి వేసింది.

రాయలు రాసింది కావ్యం, వంట నేర్పడానికి రాయలేదు, నిజమే. కావ్యంలా రాయమని వంటల శీర్షికని అడగడం లేదు. అందులో ఉన్న ముక్కూ చెవీ మాత్రం అరువు తెచ్చుకోమంటున్నాను.

ఈ మధ్య వంటలు చదవడం పోయి చూడ్డం వచ్చింది. యూట్యూబ్‌లో కందిపొడి కోసం చూస్తే లెక్కలేనన్ని వచ్చాయి. పప్పు రంగు మారడం కళ్ళారా కనిపిస్తుంది, అచ్చుకి లేని వసతి అది. కానీ వేపుడు మొదలవగానే బొమ్మని పరుగెత్తిస్తారు. చప్పుడు వినిపించాల్సిన చోట వీణో వేణువో మోగిస్తారు. నిలబడి కలుపుతూ ఉండాల్సిన సమయాన్నే కత్తిరిస్తే వంటలో మిగిలేదేమిటి? పైగా కొన్నిచోట్ల, హోటళ్ళలో లాగా, దీనికి "గన్‌పౌడర్" అని పేరు. ఉత్తరాంధ్ర వైపు కందిగుండ అన్నారు, తెలంగాణలో పుట్నాల పొడి, పల్లీల పొడి అన్నారు, సీమలో పప్పుల పొడి అన్నారు. ఏ గింజతో చేశామో ఆ గింజ పేరే పెట్టారు. గుండని చూసి తుపాకీ మందు అనుకున్నవాళ్ళు దాన్ని తిన్నాక అన్నారో, తినకముందే అన్నారో!

అచ్చు రచన వైపు కూడా ఒక మాట చెప్పకపోతే విమర్శ ధర్మం కాదు. నోటుపుస్తకం రాసుకునే అమ్మ అందరికీ ఉండదు. చిన్నతనంలోనే తల్లి పోయినవాళ్ళకీ, వంటింటి గడప తొక్కనివ్వని ఇళ్ళలో పెరిగిన మగపిల్లలకీ, హాస్టళ్ళ నుంచి నేరుగా ఉద్యోగాలకి పోయినవాళ్ళకీ ఆ కత్తిరించిన కాగితమే అమ్మ. మా అమ్మ పుస్తకం మాత్రం ఎవరికోసం రాసింది? తనకోసం. జ్ఞాపకానికి. అందుకే తనకి చేతిలో ఉన్నదేదీ అందులో రాయలేదు. కాగితం మీద లేనిదాన్ని నేను పక్కన నిలబడి నేర్చుకోవచ్చు, ఎన్నో ఏళ్ళు టైమిచ్చింది, నేర్చుకోలేదు. తప్పు పుస్తకానిది కాదు.

అందుకని ముందు నేను చేశాను. రెండుసార్లు చెడగొట్టాను. "విమర్శకులు రచనలోకి దిగితే ఇలాగే ఉంటుంది" అని మావారు చమత్కరించి, మాడిన పొడినే మజ్జిగన్నంలో నంజుకున్నారు. మూడోసారికి కుదిరింది. వేడి చల్లారకుండా మిక్సీలో వేస్తే ఆవిరికి ఉండ కడుతుందనీ, మిరపకాయలూ ఉప్పూ ముందు తిప్పి తర్వాత పప్పులు వెయ్యాలనీ, ఆగి ఆగి తిప్పకపోతే బరక పోయి పిండవుతుందనీ అప్పుడు తెలిసింది.

ఉప్పు దగ్గర మాత్రం చిక్కుపడ్డాను. అచ్చు కాగితమూ మా అమ్మా ఏకగ్రీవంగా ఒప్పుకున్న మాట అదొక్కటే: "తగినంత". ఇన్నాళ్ళూ ఆ మాటని తప్పించుకునే మాట అనుకునేదాన్ని. దేనికి తగినంత? పొడిని నాలిక మీద వేసుకుని చూస్తే సరిపోయింది. అన్నంలో కలిపితే చప్పబడింది. అప్పుడు వెలిగింది. మనం వండే అన్నంలో ఉప్పుండదు. ఆ ముద్దకి కావాల్సిన ఉప్పంతా పొడే మోసుకురావాలి. కాబట్టి నాలిక మీద పొడి ఓ వీసం ఎక్కువ ఉప్పగానే ఉండాలి. తగినంత అంటే పొడికి కాదు, అన్నానికి తగినంత. పైగా రాళ్ళుప్పు చెంచాలో గాలి ఎక్కువ, బరువు తక్కువ. మెత్తటి ఉప్పు అదే చెంచాకి ఎక్కువ తూగుతుంది. చెంచా లెక్క రాస్తే ఎవరో ఒకరి పొడి చెడుతుంది. మా అమ్మ రాళ్ళుప్పుని చిటపటలు ఆగేదాకా మూకుట్లో వేయించి మరీ వేసేది, తేమ పోయి పొడి గడ్డకట్టకుండా ఉంటుందని. అది చూసిన గుర్తుంది, ఎందుకని అడిగిన గుర్తు లేదు.

అంటే ఒకే మాట రెండుచోట్లా ఉన్నా, అచ్చులో అది తప్పించుకోవడం, పుస్తకంలో ఆజ్ఞ. ముద్ద కలిపి చూడు, చాలకపోతే వెయ్యి, అని. దేనికి తగినంతో ఒక్క మాట చేరిస్తే అచ్చులోనూ అది ఆజ్ఞే అయ్యేది. నాకున్న ఫిర్యాదంతా ఆ ఒక్క మాట గురించే.

కిందటి ఆదివారం మా అమ్మాయి మళ్ళీ మొదలెట్టింది. ఈసారి ఫోన్ పొయ్యి పక్కన పెట్టించాను, బొమ్మ కోసం కాదు, చప్పుడు కోసం. గరిటె మొద్దుగా కదులుతోంది. "ఇంకా కాదు" అన్నాను. "వాసనొస్తోందమ్మా" అంది. "ఏ వాసన?" "బాగుంది." "ఇంకా కాదు, కలుపు." ఇంకాస్సేపటికి సముద్రాల అవతలి నుంచి గలగలమని వినిపించింది. "దింపు! దింపు! పళ్ళెంలో పొయ్యి!" అని నేనరిచిన అరుపుకి మావారు పేపరు పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చారు.

పొగ గంట మోగలేదు. పొడి చల్లారాక అది ఫ్రీజర్లో సీసా తీసి, ఆ వాసనా ఈ వాసనా మార్చి మార్చి చూసింది. "అమ్మమ్మది కాదు" అంది. నేనేమీ అనలేదు. "కానీ కందిపొడేనమ్మా, పచ్చీ కాదు, మాడూ కాదు" అంది మళ్ళీ.

అన్నీ రాసుకుంటానంది. పాళ్ళు చెప్పాను, గలగల చెప్పాను, ముందే దింపమని రెండుసార్లు చెప్పాను. "ఉప్పెంతని రాసుకోనూ?" అంది.

"తగినంత అని రాసుకో. దాని పక్కన, వేడన్నంలో నెయ్యేసి ముద్ద కలిపి చూడాలి అని కూడా రాసుకో" అన్నాను.